నూటికి నూరు టేకు: ఒక రాతబల్ల పని డైరీ

జూన్ 15, ఆదివారం

బల్ల ఎట్టకేలకు మేడ మీదికి చేరింది. లిఫ్టులో పట్టలేదు. మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగానే మోశారు. ఒక పక్క వాచ్‌మన్, ఇంకో పక్క మా ఆయన, వెనకాల "మెల్లగా, మెల్లగా, నూటికి నూరు టేకు అది" అంటూ నాన్న. పద్మారావునగర్‌లో మా అపార్ట్‌మెంటు మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక రేకుల పంచ ఉంది. ఇక కొన్ని వారాల పాటు అదే నా కార్ఖానా. ఎన్ని వారాలని మా ఆయన అడిగాడు. నాలుగన్నాను.

నాన్న మంచిర్యాలలో ఉద్యోగం చేసినప్పుడు 1976లో చేయించుకున్న రాతబల్ల ఇది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, కుడివైపు రెండు సొరుగులు. ఇరవై ఏళ్లు దాని మీద ఆయన లెక్కలు రాశారు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా మేము దాని మీద బట్టలు ఇస్త్రీ చేశాం. మధ్యలో 1998లో అక్క పెళ్లికి ఇంటికి రంగులు వేయిస్తే, తలుపులకు పోను మిగిలిన గోధుమరంగు ఎనామిల్‌ను చిన్నాన్న దీనికి పూసేశాడు. రంగు వృథా పోకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఇప్పుడా రంగు అంచుల్లో పెచ్చులు లేచింది. నడుమ ఇస్త్రీ పెట్టె ఆకారంలో కాలిన మచ్చ, దాని చుట్టూ నల్లటి మరకలు ఉన్నాయి. కింది సొరుగు ఎంత లాగినా రాదు.

ఏ పూత ఉందో తెలియకుండా గీకడం మొదలుపెట్టకూడదు. బల్ల కింద కనబడని చోట ఎనామిల్‌ను బ్లేడుతో కొంచెం లేపాను. లోపల ముదురు ఎరుపు మెరుపు కనిపించింది. దూదిని స్పిరిట్‌లో ముంచి అక్కడ ఒక నిమిషం ఆనించి ఉంచితే దూది అంటుకుపోయింది, ఎర్రగా జిగురు తేలింది. అంటే లక్క పాలిష్. స్పిరిట్‌కు కరిగితే లక్క. దానికి కరగకుండా థిన్నర్‌కు కరిగితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్. రెంటికీ చలించకపోతే పీయూ (పాలీయురేథేన్) పూత లాంటిదేదో అయి ఉంటుంది. అయిదు రూపాయల దూదితో తేలిపోయే ఈ సంగతిని నేను ఇంతకుముందు ఒక కుర్చీ విషయంలో పట్టించుకోక, రెండు ఆదివారాలు ఉప్పుకాగితంతో కుస్తీ పట్టాను. ఆ కుర్చీ ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది.

జూన్ 22, ఆదివారం

ఎనామిల్ తీసే రోజు. పొడిగా రుద్దలేదు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. 1998 నాటి డబ్బాలో ఏముందో ఎవరికి తెలుసు? దాన్ని పొడి చేసి గాలిలో కలిపితే పీల్చేది నేనూ, మేడ మీదికి గాలిపటం పట్టుకుని వచ్చే నా ఆరేళ్ల కొడుకూ. వాణ్ణి ఈ నెలంతా పంచ దాపుల్లోకి రానివ్వడం లేదు.

పొడిగా రుద్దే బదులు కింద ఉన్న లక్కనే వాడుకున్నాను. ఎనామిల్ పట్టుకున్నది చెక్కను కాదు, లక్కను. లక్క మెత్తబడితే ఎనామిల్‌కు కాళ్ల కింద నేల ఉండదు. కత్తి మొనతో అడ్డంగా, నిలువుగా గీతలు పెట్టి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డ పరిచి, ఆరిపోకుండా పైన పాలిథిన్ కప్పి అరగంట వదిలేశాను. లప్పం పట్టే రేకుతో అంచు దగ్గర నెడితే రంగు అరచేతి వెడల్పు ముక్కలుగా లేచి వచ్చింది. ఆ చప్పుడు వినాలి. పండిన అరటిపండు తొక్క తీసినంత సుఖం.

అయితే అన్నిచోట్లా అలా రాలేదు. ఇస్త్రీ వేడి తగిలిన మధ్యభాగంలో లక్కా ఎనామిలూ కలిసి గట్టిపడిపోయాయి. అక్కడ మాత్రం రంగు తీసే జెల్ వాడక తప్పలేదు. దాని ఘాటు చూసి ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. గుడ్డ ఆ ఆవిరిని ఆపదనుకోండి, ఆపేది ఆరుబయట గాలే. ఇలాంటి జెల్‌లలో చాలావాటిలో ఉండే మిథిలీన్ క్లోరైడ్‌ను ఇళ్లలో వాడేందుకు అమ్మకుండా అమెరికాలో 2019లోనే నిషేధించారు. మూసిన గదిలో దాని జోలికి పోవద్దు. తీసిన పెచ్చులన్నీ తడి కాగితంలో చుట్టి సంచిలో కట్టాను.

స్పిరిట్ పని పొద్దున ఎనిమిదింటి లోపే ముగించాను. ఎండ పడితే స్పిరిట్ ఆవిరైపోతుంది. పైగా పక్క మేడ మీద పొద్దున్నే సిగరెట్టు కాల్చే పెద్దమనిషి ఒకరున్నారు.

జూన్ 29, ఆదివారం

ఈ రోజు ఇంట్లో చిన్న సంక్షోభం.

పైబల్ల శుభ్రమయ్యాక బంగారు గోధుమ వన్నెలో ముదురు గీతలు తేలాయి. ముట్టుకుంటే కొంచెం జిడ్డుగా ఉంది, కొత్త తోలు లాంటి వాసన వేస్తోంది. టేకే, సందేహం లేదు. సొరుగుల ముఖాలూ అంతే. ఆ ఊపులో కాళ్ల మీది రంగు తీశాను. కాళ్లు ఎర్రగా ఉన్నాయి. గీతలు వేరు, వాసన వేరు. కొంచెం రుద్దేసరికి ఆ పొడి గొంతులో చేదుగా తగిలింది. వేప!

సొరుగుల పక్కచెక్కలు పాలిపోయిన పసుపు రంగులో, నిండా పుచ్చు బెజ్జాలతో ఉన్నాయి. మామిడిచెక్క. కింది సొరుగు ఎందుకు రావడం లేదో కూడా అర్థమైంది. పక్కచెక్క ఉబ్బి, అడుగుచెక్క జారి అడ్డం పడింది.

నాన్నను పైకి పిలిచాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని కాలును గోటితో గీరి చూశారు.

"పాతబడితే టేకు ఎరుపెక్కుతుందమ్మా."

"చేదెక్కదు కదా నాన్నా."

ఆయన ఇంకేమీ అనకుండా కిందికి వెళ్లిపోయారు. సాయంత్రం కాఫీ దగ్గర మాత్రం, "ఆ వడ్రంగి నాకు ముప్పై రూపాయలు తక్కువ చెప్పినప్పుడే అనుమానించాల్సింది" అన్నారు.

నాకైతే ఆ వడ్రంగి మీద కోపం రాలేదు. నీళ్లు, సిరా, చేతి చెమట పడే పైబల్లకు టేకు పెట్టాడు. నేలకు ఆనే కాళ్లకు, చెదపురుగు సులభంగా ముట్టని వేప పెట్టాడు. ఎవరూ చూడని సొరుగు పక్కలకు మామిడి. అన్నింటి మీదా ఎరుపు కలిపిన లక్క పట్టి తేడా దాచేశాడు. యాభై ఏళ్ల తర్వాత ఎవరో స్పిరిట్ సీసా పట్టుకుని వస్తారని అతనికేం తెలుసు? ఇప్పుడు ఆ తేడాను మళ్లీ దాచాలో, ఉన్నదున్నట్టు వదలాలో నేను తేల్చుకోవాలి. అతను చేసిన పని ఎంత కష్టమో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

జూలై 6, ఆదివారం

మరమ్మతులు. వెనక ఎడమకాలు ఊగుతోంది. చట్రం తొర్రలో దూరే కాలి కొన, అదే కుసి, వదులైంది. దాన్ని బిగించి ఉంచిన వెదురు మేకును వెనక నుంచి మెల్లగా కొట్టి తీశాను. కుసి మీద సరేసు, అంటే పాతకాలపు వడ్రంగి జిగురు, గాజులా ఎండిపోయి ఉంది. దాని మీదే ఫెవికాల్ పూస్తే పట్టదు. ఫెవికాల్‌కు చెక్క కావాలి, పాత జిగురు కాదు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి ఇరవై నిమిషాలు ఉంచితే సరేసు నాని జిగటైంది. గీకి, కడిగి, రెండు రోజులు ఆరనిచ్చాను. కుసికి ఒక పక్క పల్చటి టేకు పేడు అంటించి లావు చేశాను. క్లాంపులు లేవు. బట్టలారేసే తాడును కాళ్ల చుట్టూ రెండు పేటలు చుట్టి, మధ్యలో గరిట కాడ దూర్చి మెలిపెడితే బిగిసింది. ఆ గరిట కోసం వంటింట్లో వెతికారట. వెతకనీ.

పుచ్చు బెజ్జాలు పాతవో కొత్తవో తెలుసుకోవడానికి వారం క్రితమే సొరుగు కింద నల్ల కాగితం పరిచాను. ఈ రోజు చూస్తే దాని మీద పిండి లాంటి పొడి రాలి ఉంది. పురుగు ఇంకా లోపల కాపురం చేస్తోంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ వేడినీళ్లలో కరిగించి సిరంజితో ఒక్కో బెజ్జంలోకి ఎక్కించాను. నూట ఇరవై వరకు లెక్కపెట్టి ఆపేశాను. టేకు చేవలోకి ఈ పురుగు సాధారణంగా పోదు. చేవ లేని పైచెక్క, మామిడి లాంటివే దానికి ఇష్టం.

జూలై 13, ఆదివారం

ఉజ్జయినీ మహంకాళి బోనాలు. పొద్దుటి నుంచి డప్పులు, పోతురాజుల కొరడా చప్పుళ్లు. అక్క వాళ్లు వచ్చారు. అయినా మధ్యాహ్నం ఒక గంట దొంగతనంగా పైకి వచ్చాను.

నల్లటి మరకల పని. తుప్పుపట్టిన ఇస్త్రీ పెట్టె అడుగు, తడిబట్ట, టేకులో ఉండే టానిన్ అనే వగరు పదార్థం మూడూ కలిసి సిరా తయారు చేశాయి. పాతకాలంలో సిరా చేసినదీ ఇనుము, టానిన్‌లతోనే కదా. రుద్దితే పోదు, చెక్క లోపలికంటా దిగి ఉంటుంది. ఆక్సాలిక్ యాసిడ్ పలుకులు పాతిక గ్రాములు పావు లీటరు వేడినీళ్లలో, ప్లాస్టిక్ డబ్బాలో కలిపి, మరక ఒక్కదాని మీదే కాకుండా పైబల్లంతా పూశాను. మరక మీదే పూస్తే అక్కడ తెల్లటి మచ్చ తేలుతుంది. పది నిమిషాల్లో నలుపు బూడిదరంగైంది, రెండోసారికి దాదాపు పోయింది. తర్వాత నాలుగైదుసార్లు మంచినీళ్లతో తుడవాలి. ఆ పలుకులు చెక్క మీద మిగిలిపోయి, పైన ఉప్పుకాగితం వేశామంటే ఆ దుమ్ము గొంతు కోస్తుంది. యాసిడ్ విషం కూడా. డబ్బా మీద పుర్రె బొమ్మ గీసి పై అరలో పెట్టాను.

కిందికి వెళ్లేసరికి అక్క, "బోనాల రోజున కూడా ఆ బల్లేనా?" అంది. బల్లకు చిన్నాన్న రంగు పూసింది నీ పెళ్లికే అని గుర్తుచేశాను.

జూలై 20, ఆదివారం

ఉప్పుకాగితం. రాయడానికి పెద్దగా ఏమీ లేదు, చేయడానికే ఉంది. 120 నంబరు, తర్వాత 180, చివర 220. చేతిలో పట్టుకుని రుద్దితే వేళ్ల ఒత్తిడికి గుంటలు పడతాయి కాబట్టి, చెక్కముక్కకు చుట్టి గీత వెంటే రుద్దాను. 220 తర్వాత తడిగుడ్డతో తుడిస్తే నూగు లేస్తుంది. అది ఆరాక అదే కాగితంతో ఒకసారి తేలిగ్గా అంటే చాలు.

ఇస్త్రీ మచ్చను రేకుతో గీకాను. పైన బొగ్గైన పొర పోయింది, కింద లేత నీడ మిగిలింది. ఇంకా లోతుగా పోతే పళ్లెంలా గుంట పడుతుంది. ఆపేశాను.

జూలై 27, ఆదివారం

ఓటమి.

రాణీగంజ్ నుంచి తెచ్చిన లక్క పెచ్చులు 120 గ్రాములు, అర లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పల్చటి నూలుగుడ్డలో వడగట్టాను. తేనె రంగులో కళ్లు చెదిరేలా ఉంది. పొద్దున చినుకులు పడి ఆగాయి. నాలుగు వారాల మాట ఎప్పుడో దాటిపోయింది, ఆగస్టు మొదట్లో మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారు, ఈ లోపు పూర్తిచేయాలన్న పంతం. గోడకు వేలాడే చిన్న తేమ కొలిచే పరికరం 84 శాతం చూపిస్తోంది. చూశాను. చూసి కూడా పూశాను.

పది నిమిషాల్లో బల్ల మీద పాలు ఒలికినట్టు తెల్లటి మసక కమ్మింది. స్పిరిట్ ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ నీరై లక్క పొరలో ఇరుక్కుంటుంది. దీన్ని నేను ముందే చదివాను కూడా. చదువు వేరు, పంతం వేరు.

రెండో పూత వేస్తే మసక పోతుందేమోనని వేశాను. ఇంకా తెల్లబడింది.

ఆగస్టు 3, ఆదివారం

స్పిరిట్ అయిపోయి మళ్లీ దుకాణానికి వెళ్లాను. అక్కడ లక్క కొనడానికి వచ్చిన ఒక పాలిష్ మేస్త్రీ కనిపించారు. డెబ్బై ఏళ్లు ఉంటాయి, వేళ్ల గోళ్లన్నీ శాశ్వతంగా ఎర్రబడిపోయాయి. నేను దుకాణదారుతో నా గోడు వెళ్లబోసుకుంటుంటే విని నవ్వారు.

"ఈ నెలలో మేమే పట్టం అమ్మా. పట్టమని బలవంతం చేస్తే పీయూ కొట్టేసి డబ్బులు తీసుకుంటాం."

"మరి ఏం చేయాలి మేస్త్రీ గారూ?"

"ఏమీ చేయొద్దు. గుడ్డ కప్పి పెట్టండి. దసరా పోనివ్వండి."

రంగు తేడా గురించి కూడా అడిగాను. "లేతదాన్ని ముదురు చేయగలం, ముదురుదాన్ని లేత చేయలేం" అన్నారు. కాళ్లను ముట్టుకోవద్దని, టేకునే కాళ్ల వైపు కొంచెం నడిపించమని చెప్పారు. లక్కలో చిటికెడు జేగురు, అంటే ఎర్రమట్టి రంగు, కలిపి, పైబల్లకు కాకుండా దాని కింది చట్రానికి మాత్రం రెండు పూతలు వేయాలి. అప్పుడు కన్ను పైనుంచి కిందికి జారుతుందే తప్ప ఎక్కడా ఆగదు. పాలిష్ పట్టే పద్ధతి కూడా దుకాణం బల్ల మీదే చేసి చూపించారు. గుప్పెడు దూదిని పాత పంచె గుడ్డలో చుట్టి, లక్కను లోపలి దూదికి తాగించి, గుడ్డ గుండా ఊరుతూ ఉండగా బల్ల మీద సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. చేయి ఎక్కడా ఆగకూడదు. విమానం దిగినట్టు వాలి, ఎగిరినట్టు లేవాలి. ఆగిన చోట కింది పొర ఊడి వస్తుంది.

పీయూనే మేలని మా ఆయన, పక్కింటివారు, ఇంటర్నెట్ అందరూ అన్నారు. వేడికి, నీటికి తట్టుకుంటుంది, నిజమే. కానీ అది గీతపడితే ఆ ఒక్క గీతనూ సరిచేయడం నా వంటి వాళ్ల వల్ల కాదు, మొత్తం రుద్ది మళ్లీ కొట్టాల్సిందే. లక్క అలా కాదు. కొత్త పూత పాత పూతను కొంచెం కరిగించి దానితో కలిసిపోతుంది. మరమ్మతు చేసిన చోటు వేరుగా కనబడదు.

తిరిగి వస్తూ లాడ్ బజార్ లక్క గాజులు గుర్తొచ్చాయి. మోదుగు, రేగు కొమ్మల మీద బతికే చిన్న పురుగు తన రక్షణ కోసం కక్కే బంక ఇది. చార్మినార్ పక్కన అదే లక్కను నిప్పుల మీద మెత్తబరిచి గాజులు చుట్టి రాళ్లు పొదుగుతారు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెళ్లిలో నా చేతికి వేసినదీ, ఇప్పుడు నా గోళ్లకు అంటుకుని వదలనిదీ ఒకటే పదార్థమని ఇన్నాళ్లూ తట్టలేదు.

ఆడపడుచు వాళ్లు వచ్చారు, బల్ల లేదేమని అడిగారు. పైన విశ్రాంతి తీసుకుంటోందన్నాను.

నవంబరు 9, ఆదివారం

మధ్యలో మూడు నెలలు ఏమీ రాయలేదు, రాయడానికేమీ లేదు. అక్టోబరు చివర తుఫాను వానలు కూడా పోయాయి. ఈ రోజు గాలిలో తేమ 52 శాతం.

తెల్లబడిన పాత పూతను తుడిచేయడానికి పావుగంట పట్టింది. స్పిరిట్ గుడ్డతో నాలుగుసార్లు తుడిస్తే అంతా పోయింది. పీయూ అయి ఉంటే ఈ పావుగంట రెండు ఆదివారాలయ్యేది.

జులైలో కలిపిన లక్క పారబోసి కొత్తది కలిపాను. కలిపి నెలలు గడిచినది సరిగ్గా గట్టిపడదు, వేలు పెడితే ముద్ర పడుతూనే ఉంటుంది. మొదటి రెండు పూతలు కుంచెతో వేశాను. గంటలో ఆరి, గాజు మీద చినుకులా మెరిసింది. మసక ఊసే లేదు. చట్రానికి జేగురు కలిపిన లక్క పట్టాను. మొదటిసారి చిటికెడు ఎక్కువై ఇటుక రంగొచ్చింది. తుడిచి మళ్లీ వేశాను.

నవంబరు 16, ఆదివారం

దూది ఉండతో పట్టడం. మొదటి గంట నా చేయి విమానంలా కాదు, గతుకుల రోడ్డు మీద ఆటోలా వాలింది. రెండుచోట్ల ఆగిపోయి పొర ఊడింది. తర్వాత లయ దొరికింది. ఉండ అతుక్కుంటున్నట్టు అనిపించినప్పుడు అడుగున ఒక్క చుక్క అవిసె నూనె రాస్తే జారుతుంది. ఎక్కువైతే పొర కింద జిడ్డు నిలిచిపోతుంది.

అవిసె నూనె గుడ్డల గురించి ఒక మాట. వాటిని ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. ఉండలో ఆ వేడి బయటికి పోయే దారిలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. నేను విప్పి తీగ మీద ఒంటిపొరగా ఆరేశాను. కింది అంతస్తు ఆవిడ వాటిని చూసి, ఉతికిన బట్టలు ఇంత మరకలతో ఆరేస్తారా అని అడిగింది.

సాయంత్రానికి నాన్న పైకి వచ్చి కుర్చీ వేసుకు కూర్చున్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు వెనక ఎడమకాలును పట్టుకుని ఊపి చూశారు. కదల్లేదు.

నవంబరు 23, ఆదివారం

చివరి పని. వారం ఆరిన లక్కను 400 నంబరు కాగితంతో అతి తేలిగ్గా అని, తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించిన ముద్దను పల్చగా రాసి గుడ్డతో మెరుగుపెట్టాను. సొరుగుల పట్టాలకు కొవ్వొత్తి రుద్దాను. కింది సొరుగు ఒక్క వేలికి తెరుచుకుంటోంది. దాని అడుగున వెనక మూల ఒక పాత పెన్ను మూత దొరికింది. సొరుగు కింద పరిచిన నల్ల కాగితం మీద పొడి లేదు.

ఇస్త్రీ నీడ మాత్రం ఉంది. వెలుగు పక్కనుంచి పడితే కనిపిస్తుంది. ఖర్చు మొత్తం మూడు వేల లోపే, అందులో సగం జులైలో కలిపి వృథా చేసింది.

కిందికి దించేటప్పుడు మళ్లీ అదే మెట్లు, అదే వాచ్‌మన్. "అమ్మా, ఇది మొత్తం టేకేనా?" అని అడిగాడు. నాన్న గొంతు సవరించుకున్నారు. "పైన టేకు. కాళ్లు వేప. వేపకు చెద పట్టదయ్యా, కావాలనే వేయించాను" అన్నారు.

నవంబరు 26, బుధవారం

పొద్దున బల్ల మీద, కుడిచేతి వైపు, కాఫీ గ్లాసు అడుగు కొలతలో గుండ్రటి తెల్లటి మచ్చ. లక్క వేడికి ఆగదని, గ్లాసు కింద ఏదైనా పెట్టమని మూడుసార్లు చెప్పాను. నాన్న పేపరు వెనక నుంచి తల ఎత్తలేదు.

ఎవరు పెట్టారని అడగలేదు. దూది ఉండను స్పిరిట్‌తో తడీతడవనట్టు తడిపి, మచ్చ మీదుగా అయిదారుసార్లు దువ్వినట్టు తీశాను. ఆఫీసు బస్సుకు ఇంకా పన్నెండు నిమిషాలుంది. మచ్చ పోయింది.